బదులు

రాత్రి తొమ్మిదికి మెట్ల కింద టీవీ పెడుతుంది మంగైయర్క్కరసి.
రూముకి రోజుకి ఆరొందలు,
గ్యాసు వేరే, నీళ్ళ క్యాను వేరే,
సీరియల్ మాత్రం ఊరికే.

అడయారులో ఈ సందంతా ఇంతే,
ఆస్పత్రి ఫైలు చంకలో ఉంటేనే ఇల్లు దొరుకుతుంది.
వెంకటగిరి సుబ్బరత్తమ్మ, రాయచోటి హజీరాబీ,
నాయుడుపేట నుంచి నేను.
ఇంకా వేలూరు పిల్ల కుయిలి, పదిహేడేళ్ళు,
తిరుపతిలో మేనత్త ఉందట,
ఆ కాస్త తెలుగుతో మా ముగ్గురికీ దుబాసి.

సీరియల్లో అమ్మాయికి మా జబ్బే.
తెలిసిన రోజు కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది.
మూడుసార్లు మొహం మీదికి పరిగెత్తింది కెమెరా,
ఒక ఉరుము, ఒక మెరుపు.

మాకు చెప్పిన రోజు ఉరమలేదు.
డాక్టరు పెన్ను రాయకపోతే విదిలించాడు.
బయటికొచ్చాక పెంచలయ్య
'నాలుగున్నరకి బస్సుంది' అన్నాడు.

'కనుబొమలు చూడుమే, ఒక్క వెంట్రుకన్నా రాల్లేదు'
సుబ్బరత్తమ్మ.
'నోట్లో పుండ్లుంటే తెలిసేది, అంతంత మాటలు'
హజీరాబీ.
'బిల్లెవరు కడతన్నారు?' అని నేను.
మాది ఆడబిడ్డ దగ్గర చేబదులు.
కుయిలి నవ్వీ నవ్వీ పొట్ట మీది కుట్లు పట్టుకుంటుంది.

మధ్యలో తలనూనె ప్రకటన.
మోకాళ్ళు దాటిన జడ ఒకటి
తెర ఈ చివర నుంచి ఆ చివరకి
తీరిగ్గా ఊగుతుంది.
అప్పుడు మాత్రం ఎవరం ఏమీ అనం.

తిడుతూనే చూస్తాం.
మందు ఎక్కించిన రాత్రి కూడా
బక్కెట్టు పక్కన పెట్టుకుని చూస్తాం.
బతుకుతుందా?
మాలో ఒకరి గురించి ఒకరం అడగలేని మాట అది.
ఆ అమ్మాయి గురించైతే
గట్టిగా, పదిసార్లు, పందెం కట్టి మరీ అడగొచ్చు.

మొన్న సోమవారం
మత్తు సూది పొడిచారు, కళ్ళు మూసుకుంది.
తెరిచేసరికి వేరే మొహం.
కింద తెల్లటి అక్షరాలు పాకుతూ పోయాయి.
'ఇవరుక్కు బదిల్ ఇవర్' చదివింది కుయిలి.
అంటే?
'ఈమెకు బదులు ఈమె.
పాతామె మానేసింది అక్కా.'

అత్త అదే గ్లాసులో కాఫీ తెచ్చింది.
మొగుడు అదే చెయ్యి పట్టుకున్నాడు.
ఇంట్లో ఒక్కరూ ఉలిక్కిపడలేదు,
వాళ్ళ బొచ్చుకుక్క కూడా.

ఆ రాత్రి తిట్టడం మర్చిపోయాం.

మూడో అంతస్తులో బేసిన్ పైన అద్దం,
అంచు పగిలి, మనిషి సగమే పడుతుంది.
పాతికేళ్ళు మిషను తొక్కాను.
నాయుడుపేటలో సగం ఆడవాళ్ళ కొలతలు
టేపు లేకుండా చెప్పగలను.
ఆది జాకెట్టు తెచ్చిస్తే చాలు,
ఆది అబద్ధం చెప్పదు అనేదాన్ని.
ఇప్పుడు నా ఆది జాకెట్టుకి
ఎడమపక్క నేను తెలియను.

అద్దంలో ఆమె కొంగు తీసింది, నేనూ తీశాను.
నున్నటి తల. చెవులు ఇంత పెద్దవా?
కింద తెల్లటి అక్షరాలేమైనా పాకుతాయేమోనని
కాసేపు చూశాను.
కుళాయి కారుతోంది, అంతే.

తలుపవతల పెంచలయ్య,
పెళ్ళినాటి నుంచీ అదే గొంతు,
'చెంగమ్మా, మాత్ర ఏసుకున్నావా?'

'ఆఁ' అని
ఎవరో బదులు పలికారు.

మర్నాడు తొమ్మిదికి మళ్ళీ దిగాం.
కొత్తామెకి ఏడవడం అంత బాగా రాదు.
కనుబొమలు మాత్రం కొంచెం పల్చన.
'పర్లేదులే,
నాలుగు రోజులు చూస్తే అలవాటైపోద్ది'
అంది సుబ్బరత్తమ్మ,
టీవీ వైపే చూస్తూ,
పల్లీలు నా చేతిలో పోస్తూ.